ఆదివారం చేతులు మారిన ఆటగాడు

గురువారం పొద్దున్నే డిటెక్టివ్ హెస్టర్ బ్రాండ్ట్ ఆఫీసు తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చింది. కోటు మీది మంచు కూడా దులుపుకోలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "నా మొగుడు దొంగో కాదో ఈ ఆదివారంలోగా తేలాలి," అంది.

కిటికీ దగ్గర కాఫీ తాగుతున్న నోలన్ ప్రాట్ తలెత్తాడు. హెస్టర్ దగ్గర సహాయకుడిగా చేరిన నాటి నుంచి మొగుళ్ల మీద ఫిర్యాదులు అతను చాలానే విన్నాడు. ఇలా గడువు పెట్టి అడిగినవాళ్లు తక్కువ.

"ఏం దొంగిలించాడు?" అంది హెస్టర్.

"డెమెట్రిక్ హేల్‌ని."

నోలన్‌కి కాఫీ పొలమారింది. ఈరీ ఊళ్లో ఆ పేరు తెలియని వాళ్లు లేరు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి చేత పట్టుకుని హేల్ పరుగు తీస్తే ఎదుటి జట్టువాళ్లు పక్కకి తప్పుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఆమె పేరు బెర్నడెట్ కొవాలిక్. అందరికీ బెర్నీ. పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. స్నేహితులంతా కలిసి ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగులో ఆమెకొక జట్టుంది. నిజమైన ఆటగాళ్లను పంచుకుని ఎవరి జట్టు వాళ్లు ఫోన్లో కట్టుకుంటారు. ఆ ఆటగాళ్లు మైదానంలో ఎంత బాగా ఆడితే ఆ జట్టుకి అంత ఎక్కువ పాయింట్లు. సీజను సగం గడిచేసరికి బెర్నీ అందరికంటే పైన ఉంది. ఆమె భర్త రోలాండ్ అందరికంటే అడుగున ఉన్నాడు.

"రోలాండ్‌కి ఒక అలవాటుంది," అంది బెర్నీ. "ప్రతి ఆదివారం నాకొక పిచ్చి బేరం పంపిస్తాడు. నీ హేల్‌ని ఇయ్యి, నా దగ్గర మూలన పడున్న ఇద్దరిని తీసుకో అని. నేను లీగులో చేరినప్పటి నుంచీ అంతే, నన్ను నవ్వించడానికే. నేను నవ్వి తీసి పారేస్తాను. మొన్న ఆదివారం ఆట చూడ్డానికి మా ఇంట్లో చేరాం. అందరూ వెళ్లాక చూస్తే, ఆ బేరానికి నేను ఒప్పుకున్నట్టుంది. హేల్ మా ఆయన జట్టులో ఉన్నాడు!"

"మీరు ఒప్పుకోలేదు."

"దేవుడి మీద ఒట్టు. లీగు పెద్ద స్టాన్ అయితే మొగుడూ పెళ్లాం కుమ్మక్కయ్యారంటున్నాడు. ఈ ఆదివారం మమ్మల్నిద్దర్నీ లీగులోంచి గెంటేస్తారట. అది పోతే పోనీ. నా ఫోను ముట్టుకోలేదని రోలాండ్ అంటాడు. నేను నమ్మలేకపోతున్నాను. మూడు రాత్రులుగా వాళ్ల తమ్ముడి ఇంట్లో పడుకుంటున్నాడు."

అప్పుడు కూర్చుంది బెర్నీ.

"ఆ రోజు ఎవరెవరున్నారు?"

"రోలాండ్, స్టాన్ వోయ్‌చిక్, మా అక్క లొరేన్. అంతే. ఫోను వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను, అందులో చూసుకుంటూ చిక్కుళ్లూ మాంసంతో చిల్లీ వండుతున్నాను కాబట్టి ఫోనుకి తాళం వేయలేదు. ఆట సగంలో ఆగినప్పుడు పక్కింటావిడ పిలిస్తే వాకిట్లోకి వెళ్లాను. మాటల్లో పడి చిల్లీ సంగతే మర్చిపోయాను. అదృష్టం, అడుగంటలేదు. మంట ఎవరో తగ్గించారు."

హెస్టర్ పెన్సిలు ఆగింది. "ఎవరు?"

"ఏమో, అడగలేదు. ఆ గొడవలో చిల్లీ ఎవరిక్కావాలి?"

"బేరంలో ఒకణ్ణిచ్చి ఇద్దర్ని తెచ్చుకున్నారు. జట్టులో చోటు చాలాలంటే ఇంకొకణ్ణి వదిలేయాలి కదా. ఎవరిని వదిలారు?"

"కోలీ ట్రామెల్‌ని. కొత్త కుర్రాడు, విసిరిన బంతిని అందుకునే రిసీవరు. నేను వదల్లేదు, వదిలినట్టుంది."

నోలన్ ఉండబట్టలేకపోయాడు. "మీ జట్టులో గాయపడ్డవాళ్లు ఎవరూ లేరా?"

"ఉన్నాడు, వాన్ రైడర్. మోకాలు విరిగి ఈ ఏడాదికి ఇంటికి పోయాడు. బద్ధకం కొద్దీ ఉంచుకున్నాను."

హెస్టర్ నోలన్ వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆమె ఎప్పుడైనా తన పాత సహాయకుణ్ణి పొగిడితే నోలన్‌కి ఆ పూటంతా అన్నం సయించదు. ఈ చూపు మాత్రం సాయంత్రం దాకా కడుపు నింపింది.

*

మర్నాడు ముగ్గుర్నీ విడివిడిగా కలిశారు.

రోలాండ్ పడవల మరమ్మతు షెడ్డులో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. "నేను దొంగిలించాలంటే ఆ బేరం రెండేళ్లుగా ఎందుకు పంపుతానండీ? ఆవిడ నవ్వితే చాలు నాకు."

"చిల్లీ కింద మంట తగ్గించింది మీరా?"

"పొయ్యి వెలుగుతోందనే నాకు తెలీదు."

"బెర్నీ జట్టులో ఒకణ్ణి వదలమంటే ఎవరిని వదులుతారు?"

"రైడర్‌ని. కుంటుతున్నాడు, పాపం. ఇంకెవర్ని వదుల్తాం?"

స్టాన్ ఇనుప సామాన్ల కొట్టు నడుపుతాడు. లీగులో రెండో స్థానం. మాట్లాడితే కొట్టంతా మోగుతుంది. "నాకేం లాభమండీ? ఈ వారం రోలాండ్‌తో ఆడాల్సింది నేనే! హేల్ వాడి పక్కన చేరితే ముందు మునిగేది నా జట్టే. నేనింతగా అరుస్తున్నది ఊరికేనా?"

"కానీ ట్రామెల్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాడు," అన్నాడు నోలన్.

స్టాన్ చెవులు ఎర్రబడ్డాయి. "వదిలేసినవాణ్ణి బుధవారం ఎవరైనా అడగొచ్చు. అడుగునున్న జట్టుకి మొదటి హక్కు, పైనున్నవాళ్లకి చివర. నాకు దక్కుతాడనుకోలేదు. ముందున్నవాళ్లు ఒక్కరూ అడగలేదు, నాకొచ్చాడు. తప్పా?"

"తప్పు కాదు. వంటింట్లోకి వెళ్లారా?"

"నా బీరు గరాజులో ఉంది. వంటింట్లో నాకేం పని?"

లొరేన్ పెద్ద బేకరీలో కేకులు అలంకరిస్తుంది. బెర్నీ కంటే ఎత్తు, బెర్నీ కంటే గొంతు నెమ్మది. ఆ లీగులో చేరిన మొదటి ఆడమనిషి తనే. చెల్లెల్ని రెండేళ్ల కిందట తనే చేర్పించింది.

"అప్పుడు దానికి బంతి ఏ ఆకారంలో ఉంటుందో కూడా తెలీదు," అని నవ్వింది లొరేన్, కేకు మీద గులాబీ రేకు దిద్దుతూ. "ఇప్పుడు అందరూ దాన్ని బుర్ర అంటారు. బుర్రని అడగండి, బుర్రకి తెలుసు. ఒకప్పుడు ఆ పేరు నాది లెండి."

"ఆదివారం మీరు వంటింట్లోకి వెళ్లారా?"

"లేదు. వెనక మెట్ల మీద సిగరెట్టు కాలుస్తున్నాను."

"ఆ జట్టులో ఒకణ్ణి వదలమంటే?"

"రైడర్‌ని." ఒక్క క్షణం చెయ్యాగింది. "ట్రామెల్‌ని వదలడం అన్యాయం. ఆ కుర్రాణ్ణి కనిపెట్టింది నేను. సీజను మొదట్లో, అమ్మ సమాధి దగ్గరికి వెళ్తున్నప్పుడు కార్లో బెర్నీకి చెప్పాను, వీడు పైకొస్తాడు, బుధవారం అడుగుతున్నానని. ఆ వారం హక్కు నాకంటే దానికి ముందుంది. తెల్లారేసరికి వాడు దాని జట్టులో ఉన్నాడు." మళ్లీ నవ్వింది. "ఆటన్నాక ఇవన్నీ మామూలే."

ఆ నవ్వు నోలన్‌కి నచ్చలేదు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాడు.

*

ఆదివారం ఆట మొదలవడానికి ముందే బెర్నీ ఇంటి కింది గదిలో హెస్టర్ అందర్నీ కూర్చోబెట్టింది. రోలాండ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. బెర్నీ అతని వైపు చూడలేదు.

"అందరూ హేల్ గురించే మాట్లాడుతున్నారు," అని మొదలుపెట్టింది హెస్టర్. "హేల్‌ని పట్టుకుంటే దొంగ రోలాండే అనిపిస్తుంది. నేను ట్రామెల్‌ని పట్టుకున్నాను. ఆ రోజు వంటింట్లో చేరినవాళ్లకి ఎక్కువ వ్యవధి లేదు. బేరం ఒప్పుకోవాలి, ఒకణ్ణి వదలాలి. ఎదురుగా విరిగిన మోకాలు రైడర్ ఉన్నాడు. ఎవరినడిగినా అతనే అన్నారు. అయినా ఆ చెయ్యి అతన్ని దాటిపోయి ట్రామెల్ మీద పడింది. పొరపాటున కాదు, కావాలని."

"రోలాండే ట్రామెల్‌ని కూడా కొట్టేద్దామని వదిలించి ఉంటాడు," అన్నాడు స్టాన్.

"అలాగైతే బుధవారం అడిగేవాడు. అడుగునున్న జట్టు అతనిది. అడిగితే చాలు, మొదటి హక్కుతో దక్కేవాడు. అడగలేదు. మీరు అడిగారు, కానీ హేల్‌ని మీ ప్రత్యర్థి చేతిలో పెట్టి మీ గొయ్యి మీరే తవ్వుకోరు. ఇక, ట్రామెల్ పైకొస్తాడని ఎవరూ అనకముందే అన్న మనిషి ఒకరున్నారు. వాడు నాకు దక్కాల్సినవాడని ఈ రోజుకీ బాధపడుతున్నారు. బుధవారం వాడు ఖాళీగా ఉంటే, స్టాన్ కంటే ముందు హక్కున్నా ఆ మనిషి అడగలేదు. ఎందుకని? అడిగితే అందరి చూపూ తన మీద పడుతుందని."

బెర్నీ నెమ్మదిగా అక్క వైపు తిరిగింది.

"ఇంకొకటి," అంది హెస్టర్, గొంతు తగ్గించి. "అంత హడావిడిలోనూ ఆ మనిషి పొయ్యి వైపు చూసింది. చిల్లీ అడుగంటబోతోంది. మంట తగ్గించి వెళ్లింది. రోలాండ్‌కి పొయ్యి సంగతే తెలీదు, స్టాన్ ఆ గదిలో అడుగే పెట్టలేదు. లొరేన్, అది మీ అమ్మగారి వంటకమేనా?"

లొరేన్ పైకి, వంటింటి వైపు చూసింది.

"చిక్కుళ్లు వేశాక మంట తగ్గించాలి," అంది. "అమ్మ ఎన్నిసార్లు చెప్పినా దీనికి గుర్తుండదు."

తలుపు దగ్గర రోలాండ్ గోడకి జారగిలబడ్డాడు.

"నా సంసారం కూలుద్దామనుకున్నావా?" అంది బెర్నీ.

"అంత దూరం ఆలోచించలేదు. ఫోన్లో రోలాండ్ బేరం కనపడింది. కింద ట్రామెల్ పేరు కనపడింది. కింది గదిలో స్టాన్ నిన్ను పొగుడుతున్నాడు, బుర్రంటే బెర్నీదే అని. చెయ్యి ఆగలేదు." లొరేన్ కళ్లు తుడుచుకోలేదు. "పదిమంది మగాళ్ల మధ్య నేను ఒక్కదాన్నే కూర్చుని, వాళ్ల వెటకారాలు భరించి తెచ్చుకున్న చోటు అది. నువ్వొచ్చావు, రెండేళ్లలో నన్ను ఎవరూ అడగడం మానేశారు. వాణ్ణి కనిపెట్టింది లొరేనని ఒక్కసారైనా చెప్పావా?"

ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాడు నోలన్. బెర్నీ మాత్రం తన అరచేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

"చెప్పలేదు," అంది. "వాడు నీకు కావాలని తెలిసే తీసుకున్నాను. పొద్దున నీ మొహం ఎలా ఉంటుందో అనుకుంటే సంతోషమేసింది కూడా."

"ఎందుకే?"

"ఎందుకా? నేను లీగులో చేరకముందు ప్రతి ఆదివారం నువ్వూ రోలాండూ ఈ గదిలో కూర్చుని అరిచేవాళ్లు, చేతులు చరుచుకునేవాళ్లు. నేను పైన గిన్నెలు కడుగుతూ వినేదాన్ని. నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా మొగుడు నా దగ్గర అలా ఎప్పుడూ నవ్వలేదు. ఆట మీద ప్రేమతో నేర్చుకున్నాననుకున్నావా నేను?"

రోలాండ్ ఉలిక్కిపడి పెళ్లాం వైపు చూశాడు. "ఒక్క మాట చెబితే..."

"ఏం చెప్పను? మా అక్కని చూస్తే ఒళ్లు మండుతోందనా?"

స్టాన్ గొంతు సవరించుకున్నాడు. బేరం రద్దు చేస్తానని, ట్రామెల్‌ని తిరిగి ఇచ్చేస్తానని, మొగుడూ పెళ్లాల్ని క్షమాపణ అడుగుతున్నానని ఒక్క ఊపిరిలో చెప్పాడు. లొరేన్ సంగతి లీగంతా కలిసి తేల్చాలన్నాడు.

"తేల్చక్కర్లేదు. నేనే పోతున్నాను," అంటూ లొరేన్ కోటు తీసుకుంది.

"కూర్చో," అంది బెర్నీ.

"బెర్నీ, నా వల్ల..."

"నీ మీద కోపం పోలేదు. ఇప్పట్లో పోదు. నువ్వు పోతే నేనెవర్ని ఓడించాలి? కూర్చో."

లొరేన్ కూర్చుంది, కోటు ఒళ్లోనే పెట్టుకుని. రోలాండ్ గది దాటి వచ్చి భార్య పక్కన, ముట్టుకోకుండా, నేల మీద చతికిలబడ్డాడు. హెస్టర్ నోలన్‌కి సైగ చేసింది. ఇద్దరూ మెట్లెక్కుతుంటే కింద ఎవరో టీవీ పెట్టారు. జనం హోరు వినిపించింది. దాని మీదుగా లొరేన్ గొంతు, కాస్త బొంగురుగా:

"అయితే ట్రామెల్‌ని ఈ వారం ఆడిస్తున్నావా?"

నోలన్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"నీకు చచ్చినా చెప్పను," అంది బెర్నీ.