నాలుగింటికి తెగే గొంతు

మే నెల రెండో శుక్రవారం మధ్యాహ్నం నెలీ గువామాన్ మూడు నెలల పాపను వీపున కట్టుకుని ఒఫేలియా తిపాన్ ఇంటి మెట్లెక్కింది. గువరాందా ఊళ్ళో ఎవరికి ఏ చిక్కు వచ్చినా పరిగెత్తేది ఆ ఇంటికే. ఊరంతా మర్యాదగా ‘దోన్యా’ అని పిలిచే ఒఫేలియా ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, తర్వాత అపరాధ పరిశోధనకు దిగిన మనిషి. ఆ పనిలో ఆమెకు తోడు సెగుందో, బస్సు నడిపి రిటైరైనవాడు. ఆమె చేసే ప్రతి పనీ అతనికి వింతే.

“దోన్యా ఒఫేలియా, ఇవాళ ఐదింటికి నన్ను పనిలోంచి తీసేస్తారట,” అంది నెలీ.

“పాప పడుకుంది. మెల్లగా చెప్పు తల్లీ.”

నెలీ చెప్పింది. ఊరి క్లినిక్‌లో తీగలూ కంప్యూటర్లూ చూసుకునేది తనే. కొండమీద పల్లెల్లో నర్సులు ఫోన్ చేస్తే ఇక్కడి డాక్టర్ మందు చెబుతాడు. పది రోజులుగా సాయంత్రం నాలుగింటికి ఆ గొంతు ముక్కలైపోతోంది. అరగంట దాకా అంతే. బుధవారం ఒక బిడ్డకు ఫిట్స్ వస్తే, మందు ఎంత వెయ్యాలో నర్సు ఐదుసార్లు అడగాల్సివచ్చింది.

“బిడ్డ?” అంది ఒఫేలియా.

“బతికింది. బతక్కపోయుంటే...” నెలీ చెయ్యి వెనక్కి పోయి పాప కాలు పట్టుకుంది. “నేను పురుటి సెలవు నుంచి వచ్చింది రెండో తారీఖున. అది మొదలైందీ ఆరోజే. నావల్లేనని మా మేనేజరు దొన్ ఎర్నాన్ బుధవారం అందరి ముందూ అరిచి పాస్‌వర్డ్ మార్చేశాడు. నేను తీగలన్నీ కలిసే ఆ స్విచ్‌ని ముట్టుకోనైనా లేదమ్మా!”

మూడున్నరకల్లా ముగ్గురూ క్లినిక్‌లో ఉన్నారు. మేనేజరు దొన్ ఎర్నాన్ కుర్చీలోంచి లేవలేదు.

“ఎక్స్ఛేంజి కాలం పోయింది దోన్యా. ఇప్పుడు తీగలు చేత్తో పీకి గుచ్చరు.”

“తెలుసు. మీ కంప్యూటర్ కూడా నాలుగింటికి ఆగుతుందా?”

“లేదే! గుర్రంలా పోతుంది. ఫోన్ ఒక్కటే చస్తుంది. ఫోన్లు అమర్చిందెవరు? ఈవిడేగా!”

ఒఫేలియా ఫిర్యాదుల పుస్తకం తిరగేసింది. రెండో తారీఖు నుంచి రోజూ ఫిర్యాదు ఉంది, మొన్న మంగళవారం తప్ప.

వార్డులో పెద్ద నన్ మదర్ క్లెమెన్సియా రోగుల దిండ్లు సర్దుతోంది. “మంగళవారం ఏమైనా విశేషమా మదర్?” అని అడిగింది ఒఫేలియా.

“ఏముందమ్మా, జపమాల ప్రార్థన కూడా లేదు. ఫాదర్ ఎవరివో అంత్యక్రియలకి వెళ్ళారు. మే అంటే మేరీమాత నెల కదా, ఒకటో తారీఖు నుంచి మందిరంలో నాలుగింటి ప్రార్థన రోజూ కెమెరాతో ఇక్కడి టీవీలో చూపిస్తాం. మంచం దిగలేనివాళ్ళకి అదే గుడి.”

అంతలో నాలుగైంది. వాకిలి అవతలి ప్రార్థనామందిరంలో గంట కిటికీలోంచి వినిపించింది. కాసేపటికి అదే గంట టీవీలో మోగింది.

“ఇదేంటి, టీవీలో ఫాదర్ ఆలస్యంగా లేచాడా?” అని నవ్వాడు సెగుందో.

బొమ్మ మాత్రం ఎక్కడా చెదరలేదు. పక్క గదిలో డాక్టర్ ఫోన్‌లో “అలో! అలో!” అని గొంతు చించుకుంటున్నాడు.

ఒఫేలియా అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచింది.

“నెలీ, స్విచ్‌లో ఫోన్ మాటలకి వేరే దారి పెట్టావు కదూ?”

“పెట్టాను. ఏది ఆగినా మాట ఆగకూడదని. కానీ దానికో హద్దు కూడా పెట్టాను. లేకపోతే అది మిగతావాటిని తొక్కేస్తుంది. హద్దు దాటిందల్లా స్విచ్ పారేస్తుంది.”

“అదీ సంగతి. దొన్ ఎర్నాన్ కంప్యూటర్ బాగుందంటే మామూలు దారి ఖాళీగానే ఉంది. కిక్కిరిసింది ఫోన్ల దారి. ఫోన్ కానిదేదో అందులో దూరింది.”

“అంబులెన్సు దారిలో పెళ్ళి బస్సు!” అన్నాడు సెగుందో.

“అదే. జపమాల లేనిరోజు గొంతు తెగలేదు. టీవీకి తీరిక ఉంది సెగుందో. పోయిన ముక్కల్ని మళ్ళీ తెప్పించుకుంటుంది. అందుకే బొమ్మ ఆలస్యంగానైనా నిండుగా వస్తుంది. మనిషి మాటకి ఆ తీరిక లేదు. ఒకటో తారీఖునా తెగేదే, మేడే సెలవు కాబట్టి కొండమీంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. దొన్ ఎర్నాన్, స్విచ్ పేజీ తెరిచి మందిరం కెమెరా సాకెట్ చూపించండి.”

దొన్ ఎర్నాన్ పాస్‌వర్డ్ కొట్టాడు కానీ తెరమీద ఎక్కడ నొక్కాలో తోచక తడుముకున్నాడు.

“ఎడమవైపు, మూడోది నాయనా,” అంది మదర్.

ఆ సాకెట్ ఎదురుగా ‘ఫోన్’ అని ఉంది. మార్చిన తేదీ ఏప్రిల్ ముప్పై.

“ఆరోజు నెలీ ఇంట్లో బిడ్డ దగ్గరుంది,” అంది ఒఫేలియా. “మేనేజరుగారికి ఆ పేజీలో దారే తెలీదు. తెలిసినవారు ఇప్పుడే చూపించారు.”

మదర్ క్లెమెన్సియా మెల్లగా కుర్చీలో కూర్చుంది.

“సెలవుకెళ్తూ నెలీ నాకో కాగితం రాసిచ్చింది. ఎమర్జెన్సీ ఫోన్ వేరే గదికి మారిస్తే అక్కడి సాకెట్‌ని ‘ఫోన్’ అని ఎలా మార్చాలో. అందులో ఉన్నట్టే కెమెరాకీ చేశాను. దేవమాతని అందరి వెనకాల క్యూలో నిలబెట్టడానికి మనసొప్పలేదమ్మా.” ఆవిడ నెలీ వైపు తిరిగింది. “ఆ బిడ్డ... నావల్లేనా?”

“బిడ్డ బాగుంది మదర్. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చింది నేనేగా,” అంది నెలీ.

దొన్ ఎర్నాన్ గొంతు సవరించుకున్నాడు. “సరే, మార్చెయ్ నెలీ.”

“ఐదింటికి తీసేస్తారుగా సర్. ముట్టుకోవద్దన్నారు.”

“అబ్బా, ఎవరు తీసేస్తున్నారు? కూర్చో.”

“అలా కాదు,” అంది ఒఫేలియా. “బుధవారం అందరి ముందూ అన్నారుగా. ఇదీ అందరి ముందే అనండి.”

దొన్ ఎర్నాన్ చెవులు ఎర్రబడ్డాయి. “నెలీ తప్పేం లేదు. నెలీ పనిలోనే ఉంటుంది.”

నెలీ పాపను విప్పి మదర్ ఒళ్ళో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. నాలుగు ఇరవైకి జపమాల మామూలు దారిన పడింది. గోడ అవతల “అలో! అలో!” ఆగింది. డాక్టర్ గొంతు తగ్గుతూ తగ్గుతూ, ఏం మాట్లాడుతున్నాడో ఈ గదిలో ఎవరికీ వినబడకుండా పోయింది.