డబ్బా మీద వెయ్యి వాట్లు

ఆ ఏడు, 2007లో, శ్రావణం ముసురుతోనే మొదలైంది. వనపర్తి బస్టాండు వెనక ప్రైవేట్ డిటెక్టివ్ యోసేపు గదిలోకి తడిసిన బురఖాతో ఒక యువతి వచ్చింది. పేరు సుహానా అని, గద్వాల నుంచి మొదటి బస్సుకు వచ్చానని చెప్పింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పెద్దమనుషులు శుక్రవారం దాకనే టైమిచ్చిన్రు సార్. దుకాణం ఖాళీ చేసి ఊరిడిసి పోవాల్నంట. మా ఆయన ఏం తప్పు చేయలే."

యోసేపు సహాయకురాలు స్వరూప నీళ్లందించి, పుస్తకం తెరిచింది. ఆయన అడిగే ప్రతి ప్రశ్నా రాసుకోవడం ఆమెకు అలవాటు. అన్నిటికీ అర్థం తెలిసి కాదు, ఆయన మీది నమ్మకంతో.

సుహానా భర్త బాసిత్ టీవీలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. అతని దుకాణం గది, చీరలు నేయించే భాగ్యమ్మది. ఆమె కొడుకు శ్రవణ్ కుమార్, బాసిత్ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పోయిన నెల శ్రవణ్ హోం థియేటర్ కొంటానంటే ఇద్దరూ కలిసే వెళ్లారు. పెద్ద అంకె ఉన్నదే కావాలని శ్రవణ్ పట్టుబట్టాడు. బాసిత్ సెట్టును వెనక్కి తిప్పి, అక్కడ వాట్లు చెక్కిన రేకు చదవడం నేర్పాడు. డబ్బా మీది అంకె రెప్పపాటు మోతకు వేసింది. గంటలకొద్దీ నిలిచే శక్తి ఒక్కో స్పీకరుకు పన్నెండు వాట్లే. గోడ నుంచి లాగే కరెంటు లెక్క ఇంకా వేరు. భాగ్యమ్మ ఇంటి మగ్గం గదికి అంతే చాలని చెప్పి, డబ్బా మీద వెయ్యి వాట్లున్న చౌక రిసీవరే ఇప్పించి, తనే బిగించాడు.

సోమవారం పొద్దున, నేతగాళ్లు రాకముందే, ఆ గది అంటుకుంది. మగ్గం మీది పెళ్లిచీర లాగబోయి భాగ్యమ్మ రెండు చేతులూ కాల్చుకుంది.

"వెయ్యి వాట్ల సెట్టు పెట్టి వైర్లు కాల్చిండని పెద్దమనుషుల ముందర చెప్పిన్రు సార్."

"ఎవరు చెప్పిన్రమ్మా?"

"శ్రవణన్న."

ఆ మంగళవారం మధ్యాహ్నానికి ముగ్గురూ గద్వాల చేరారు. నాలుగు రోజులుగా వాన తెరిపియ్యలేదు. కాలిన మగ్గం గదిలో తలుపు పక్క అర మీది రిసీవర్ మసిబారిందే కాని కాలలేదు. యోసేపు దాన్ని విప్పించి చూశాడు. లోపలి ఫ్యూజు చెక్కుచెదరలేదు. దాని ప్లగ్గు బోర్డులో పైన ఉంది, పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. కింది సాకెట్ మాత్రం కరిగి ముద్దయింది, అందులో ప్లగ్గు లేదు. కాలిపోయిన మగ్గం పక్కన, నల్లటి నేల మీద జానెడు చదరం తెల్లగా మిగిలింది.

ఈ గదిలో పొయ్యి పెడతారా అని ఆయన భాగ్యమ్మను అడిగాడు. తన అత్త కాలం నుంచి ఇక్కడ ఊదుబత్తి కూడా వెలిగించలేదని ఆమె కోపంగా చెప్పింది. ముందు గదిలో ఎర్రగా రంగద్దిన పట్టునూలు కట్టలు, చిలపలు, వేలాడుతున్నాయి. రంగు ఎవరద్దుతారని అడిగితే, కొడుకేనంది. యోసేపు ఒక చిలప పట్టి చూసి, "పొడిగున్నది, రాసుకో" అన్నాడు. స్వరూప రాసుకుంది.

గురువారం సాయంత్రం పెద్దమనుషులు ఆ ఇంటి వసారాలోనే కూర్చున్నారు. యోసేపు రిసీవర్‌ను తిప్పి పెట్టి, వెనక రేకు చదవమన్నాడు. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, తొంభై వాట్లని చదివాడు.

"నిండ మోగినా గోడ నుంచి గుంజేది గంతే. ఒక పెద్ద బల్బంత. వెయ్యనేది అమ్ముకునేటందుకు ఏసిన అంకె. దీనితోని కాలుడైతే ముందుగాల దీని ఫ్యూజు పోవాలె, దీని సాకెట్ కరగాలె. కరిగింది కిందిది."

స్వరూప ఒక కరెంటు కాయిల్ పొయ్యి తెచ్చి నేల మీద పెట్టింది. దొడ్లో రంగు గోలెం వెనక దొరికింది. దాని ప్లగ్గు పిన్నులు నల్లగా మాడి ఉన్నాయి. కాళ్లు తెల్లటి చదరంలో సరిగ్గా కూర్చున్నాయని ఆమె చెప్పింది.

"ఇది గుంజేది రెండు వేల వాట్లు. నాలుగు దినాల ముసురుల నూలు తనంత తాను ఎండదు," అన్నాడు యోసేపు. ఆయన భాగ్యమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, వెయ్యి వాట్లని నువ్వంటే తెల్వక అన్నవనుకుంట. ఈ రేకు చదువుడు ఇయ్యాల్టి దాక ఇక్కడ ఇద్దరికే తెల్సు. ఒకరు నింద పడ్డ మనిషి. రెండో మనిషి వెయ్యని ఎందుకన్నడు?"

శ్రవణ్ కుమార్ తన ఎర్రటి వేళ్లు చూసుకున్నాడు. పెళ్లివారు తొందర చేశారని, ఎండిన చిలపలు ముందు గదిలో వేసి, మిగిలినవాటికి పొయ్యి అరగంట పెట్టి చాయ్‌కి పోయానని, తిరిగొచ్చి తల్లి చేతులు చూశాక పొయ్యి దాచానని, తనే పెట్టానని చెప్పడానికి నోరు రాలేదని ఒక్కొక్క మాటే చెప్పాడు.

బాసిత్ అతని వైపు తిరిగి అడిగాడు.

"నేను నేర్పింది మర్చిపోయినవేమో అనుకున్న. మర్చిపోయినవా?"

"మర్చిపోలే."

భాగ్యమ్మ ఏడుస్తూ, "నువ్వు యాడికీ పోవద్దు బిడ్డా, దుకాణం నీదే" అంది. బాసిత్ దుకాణం తాళంచెవి తీశాడు. ఆమె చేతులకు కట్లున్నాయి, అందుకోలేదు. పక్కన అరుగు మీద పెట్టాడు.

శుక్రవారం నాగర్‌కర్నూల్ బస్సులో సుహానా భర్త పక్కన, అతని పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏది జరగకూడదని వానలో వనపర్తి దాకా పరిగెత్తిందో అదే జరిగింది. ఈసారి వాళ్లను ఎవరూ పొమ్మనలేదు.