సెలవు చీటీ

"ఒక్క పాత సీసా కూడా మిగలకూడదు అల్లుడూ. అన్నీ మార్చెయ్."

చీఫ్ ఐస్ బాక్సును బల్ల మీద ముందుకు తోశాడు. జనాభా నియంత్రణ బ్యూరోకి ఆయన చీఫ్. ఏ తాళమైనా తీస్తాడని 'తాళంచెవి' అని పేరుపడ్డ ఏజెంటుకి పిల్లనిచ్చిన మామ.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. బళ్లలో ఆడపిల్లలకు వేసే విటమిన్ ఇంజెక్షన్లలో ఓ విదేశీ ముఠా విషం కలిపింది. అది పడ్డ పిల్లకు జన్మలో బిడ్డలు పుట్టరు. మొత్తం నలభై బళ్లు. ముప్పై తొమ్మిదింటికి వేరే ఏజెంట్లు బయల్దేరారు. సరిగ్గా పదికి చీఫ్ దగ్గరుండి ఈ బళ్లో మొదటి సూది వేయిస్తాడు. అది లైవ్‌లో చూసి మిగతా బళ్లు మొదలెడతాయి.

"ఇంటికొక్క బిడ్డే అని చట్టం పెట్టింది మనం. ఆ ఒక్కటీ దక్కనివ్వకపోతే మనుషులమేనా?" చీఫ్ గొంతు వణికింది. అల్లుడి కళ్లు చెమర్చాయి.

తొమ్మిదింటికి తాళంచెవి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో బడి స్టోర్‌రూమ్‌లో దూరాడు. నాలుగు నిమిషాల్లో సీసాలు మార్చేశాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, సైలెన్సర్ పిస్టల్. ఫైల్లో ఫొటో చూశాడు. ముఠా మనిషి!

"వాన వెలిసిందా?" అందామె.

బ్యూరో కోడ్! "గొడుగు మడిచాం," అన్నాడు తేరుకుని.

"డబుల్ ఏజెంట్‌ని. నన్ను ముఠాలోకి పంపింది మీ చీఫే. ఇప్పుడు తనే వాళ్లకి అమ్ముడుపోయాడు. జనం తగ్గితే నేల ఖాళీ అవుతుంది, ఆ నేల వాళ్లకి కావాలి. ఫ్రిజ్‌లో ఉన్నవి ల్యాబ్ పాస్ చేసిన మంచి మందులు మహానుభావా! విషం మోసుకొచ్చింది నువ్వు."

"నోరు జాగ్రత్త. ఆయన నా మామ!"

"పిల్లనిచ్చినవాడు నిజం కూడా ఇస్తాడా?" ఆమె పిస్టల్‌తో గోడవైపు చూపించింది.

సూది వేయాల్సిన పిల్లల లిస్టు వేలాడుతోంది. ఒక్క పేరు కొట్టేసి ఉంది. పక్కన గుచ్చిన సెలవు చీటీ. 'మా మనవరాలికి జ్వరం. ఇవాళ బడికి రాదు.' మామ చేతిరాత.

జ్వరమా? పొద్దున్న ఏడింటికి ఆ పిల్ల, తన కన్నకూతురు, తాడాట ఆడుతూ తన చేతే అరవై దాకా లెక్కపెట్టించింది.

జనం ఎక్కువయ్యారని గగ్గోలు పెట్టేవాడు తనవాళ్లని ఆ లెక్కలో ఎప్పుడూ కలపడు.

తాళంచెవి సీసాలు తిరిగి మార్చాడు. "మిగతా బళ్లకి ఫోన్ చేద్దాం."

"చీఫ్ మాట కాదని ఎవడు ఆపుతాడు?"

"అయితే చీఫ్ చేతే ఆపిద్దాం."

బడి వెనకే అతని క్వార్టర్స్. పాప బొమ్మలేసుకుంటోంది. నుదురు చల్లగా ఉంది. వంటింట్లో భార్య తల తిప్పలేదు.

"నీకు తెలుసు కదూ? ఎప్పట్నుంచి?"

"ఎనిమిది రోజులు. మన పాప బాగుంటే చాలనుకున్నానండీ."

"మిగతా పిల్లలో?"

"వాళ్లు మనకేమవుతారు?"

ఎనిమిది రోజులు అతనికి క్యారేజీ కట్టిన చేతులవి. మూడు దేశాల దొంగల్ని పసిగట్టిన మొనగాడు సొంత వంటింట్లో గుడ్డివాడయ్యాడు. పాపకి యూనిఫాం తొడిగాడు.

పది. చీఫ్ మైకు పట్టుకుని కెమెరాకి నవ్వుతున్నాడు. నర్సు మొదటి పిల్ల చేతికి దూది రాసింది. సూది ఎత్తింది.

"తాతయ్యా, నేనే ఫస్ట్!"

చీఫ్ తిరిగి చూశాడు. నర్సు ముందు తన మనవరాలు. సూదికీ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి.

"ఆపండి! అది విషం! విషం!"

మైకు ఆన్‌లోనే ఉంది. నలభై బళ్లూ విన్నాయి. ఎత్తిన సూదులన్నీ తిరిగి ట్రేలలోకి చేరాయి.

"కన్నతండ్రివేనా నువ్వు!" చీఫ్ మీదకొచ్చాడు.

"ఇక్కడున్నది ఉత్త విటమినే మావయ్యా. మళ్లీ మార్చేశాను. ఆ ముప్పై తొమ్మిది బళ్లలో మీ మనవరాలు లేదు కదా, అందుకే ఇంత కష్టపడాల్సొచ్చింది."

నల్ల కళ్లద్దాలావిడ చీఫ్ చేతులకి బేడీలు వేసింది.

ఇంటి గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. "నాన్నేరండీ?"

"జ్వరం," అన్నాడు తాళంచెవి, చెప్పులు విప్పకుండానే. "సెలవు పెట్టారు."