దేవదానం ఆమెన్ చెప్పని ఆదివారం

గూఢచారి వేణుగోపాలరావుకు భయమంటే ఏమిటో తెలీదు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదట. కళ్ళు తెరిచి గదంతా ఒకసారి సోదా చేసేసరికి మంత్రసానే జడుసుకుని ఏడ్చిందట. అలాంటి మనిషిని 1993 అక్టోబరులో చీఫ్ పిలిపించాడు.

“డర్బన్ వెళ్ళాలి. వచ్చే ఏడు ఆ దేశంలో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటు వెయ్యబోతున్నారు. అది గిట్టని విదేశీ ముఠా ఒకటుంది. కోడ్ నేమ్ మాంబా.”

“టార్గెట్?”

“ఫీనిక్స్ టౌన్‌షిప్‌లో ఒక చర్చి హాలు. కొట్టుకు చస్తున్న రెండు పార్టీలవాళ్ళు ఆదివారం ప్రార్థన కాగానే అక్కడే రాజీకి కూర్చుంటారు. జనంలో మాంబా మనిషి ఒకడుంటాడు. మొహం తెలీదు.”

“నా కవర్?”

“టూరిస్టువి. ఒంటరి టూరిస్టుని ఎవడూ నమ్మడు. ఎవరినైనా తోడు తీసుకెళ్ళు.”

వేణుగోపాలరావు బాల్యమిత్రుడు దేవదానాన్ని తీసుకెళ్ళాడు. ఒకే బల్ల మీద కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. అసలు సంగతి చెప్పలేదు. లక్కీ డ్రాలో రెండు టిక్కెట్లు తగిలాయన్నాడు. దేవదానం నమ్మాడు. ఆయన పాస్టరు గారి కొడుకు, నమ్మకం వాళ్ళింటి వృత్తి.

“దసరా నెలలో వసంతమేమిట్రా వేణూ, ఈ దేశం తలకిందులుగా ఉన్నట్టుందే,” అంటూ దేవదానం సముద్రపొడ్డున కొమ్ముల కిరీటం పెట్టుకున్న రిక్షావాడితో ఫొటో దిగాడు. రొట్టెను గుల్ల చేసి కూర పోసిచ్చే బన్నీచౌ తిన్నాడు. గిన్నె కూడా తినొచ్చని తెలిశాక ఇంకోటి తెప్పించాడు.

హోటల్ లాబీలో వేణుగోపాలరావుకు ఆకుపచ్చ సిల్కు గౌనులో ఒకావిడ ఎదురైంది. ఆవిడ నడుస్తుంటే లిఫ్టు దానంతటదే ఆగింది.

“దసరాలో కోయిల కూసిందా?”

“కూసింది. గొంతు మారింది.”

కోడ్ కలిసింది. “నేను మోనిక్. మాంబా దగ్గర పనిచేస్తాను.”

“మరి మాకు?”

“మీకూ చేస్తాను. ఈ వారం మీవైపే.”

ఆదివారం చర్చి గుమ్మంలో హేజెల్ ఆంటీ బల్ల వేసుకుని కూర్చుంది. రాజీ రోజు కనుక ఆయుధాలన్నీ ఆవిడకు అప్పజెప్పాల్సిందే. వేణుగోపాలరావు జేబు వైపు వేలు చూపించింది.

“ఇది పెన్ను, ఆంటీ.”

“పెన్నుకి ట్రిగ్గర్ ఎందుకు, బాబా? పెట్టు ఇక్కడ.”

పెన్ పిస్టల్ పోయింది. ఇక మిగిలిన గాడ్జెట్ ఒకటే, వెనక జరిగేదంతా చూపించే కళ్ళద్దాలు.

లోపల పెద్దాయన ఆల్ఫ్రెడ్ లేచాడు. “మా తాతలు చెరుకు కొట్టను ఓడ ఎక్కినారు. వాళ్ళ దేశం నుంచి బ్రదర్ వచ్చినాడు. మాకు తెలుగు పోయింది, మాన్. కానీ వినాల. ప్రేయర్ చెయ్, అన్నా.”

దేవదానాన్ని ముందుకు తీసుకెళ్ళి, వసంతం పూలు నింపిన పెద్ద ఇత్తడి బిందె పక్కన నిలబెట్టారు. బయట ఎప్పుడు కాల్పులు మొదలవుతాయో తెలియని రోజులు. ఆల్ఫ్రెడ్ తలుపుకి తాళం వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆమెన్ అనేదాకా ఆ తలుపు ఎవరికోసమూ తెరవరు. హాలంతా కళ్ళు మూసుకుంది.

వెనక వరసలోంచి మోనిక్ గుసగుసలాడింది. “బాంబు లోపలే ఉంది. టైమర్ నడుస్తోంది. ఎక్కడ పెట్టాడో ఆ మాంబా మనిషికొక్కడికే తెలుసు. ఆమెన్ అనగానే బయటపడాలని వాడి ప్లాన్.”

“వాడెవడు?”

“మొహం నాకూ తెలీదు.”

అరిస్తే తొక్కిసలాట. ఉన్నది ఒకటే తలుపు. నేల మీద పసిపిల్లలు. అందరికంటే ముందు, ఏమీ తెలియని దేవదానం. వేణుగోపాలరావుకు భయమంటే తెలీదన్నాను కదూ. తెలుసు. బాగా తెలుసు.

కళ్ళద్దాల్లో వెనక్కి చూశాడు. అన్నీ వంచిన తలలు. ఒక్క తల మాత్రం నిటారుగా ఉంది. లేడీస్మిత్ నుంచి పాడటానికి వచ్చానని చెప్పుకున్న ట్రిస్టన్. గడియారం చూసుకుంటున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. మెల్లగా లేచి తలుపు దాకా వెళ్ళాడు. ఆల్ఫ్రెడ్ కళ్ళు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ప్రేయర్ అవుతుంది, బ్రదర్. కూర్చో.”

వేణుగోపాలరావుకు లెక్క అర్థమైంది. ఆమెన్ అంటే తలుపు తెరుచుకుంటుంది. వాడు పోతాడు, బాంబు ఉంటుంది. ఆమెన్ అనకపోతే వాడూ మనతోపాటు బోనులోనే. అప్పుడిక తన బాంబు తనే ఆపుకోవాలి.

అప్పటికే దేవదానం గొంతు ముగింపు రాగంలోకి దిగుతోంది. వేణుగోపాలరావు ముందు వరసలోంచి వంగి ఆయన పంచె లాగాడు. “ముగించకురా.”

“ఆకలేస్తోందిరా,” అన్నాడు దేవదానం కళ్ళు మూసుకునే.

“ఇందరి ప్రాణాలు నీ నోట్లో ఉన్నాయి. సాగదియ్యి.”

దేవదానం ఎందుకని అడగలేదు. గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. రెండు పార్టీల కోసం ప్రార్థించాడు. ఓటు వెయ్యబోయే చేతుల కోసం, టోంగాట్ చెరుకు తోటల కోసం, హేజెల్ ఆంటీ మోకాలి కోసం ప్రార్థించాడు. అవన్నీ అయ్యాక సముద్రం దాటి వెనక్కి వచ్చి, సొంతూరి బర్రెలను పేరుపేరునా దీవించడం మొదలుపెట్టాడు.

ట్రిస్టన్ చొక్కా తడిసిపోయింది. బెంచీల మధ్య పాక్కుంటూ ముందుకొచ్చాడు. దేవదానం కాళ్ళ పక్కన ఉన్న ఇత్తడి బిందెలో చెయ్యి పెట్టాడు. పూలు పీకి, వైరు పట్టుకుని లాగాడు. టైమర్ ఆగింది. ఒక్క సెకను మిగిలింది. మరుక్షణం వేణుగోపాలరావు వాడి మీద ఉన్నాడు.

“ఆమెన్,” అన్నాడు దేవదానం.

అందరూ కళ్ళు తెరిచారు. లేడీస్మిత్ గాయకుడు బోర్లా పడి ఉన్నాడు. వాడి వీపు మీద ఇండియా అతిథి.

“చూడు, చూడు,” అంది హేజెల్ ఆంటీ. “మా అవ్వ చెప్పేది, తెలుగు ప్రేయర్‌కి పవర్ ఉందని. ఇద్దరూ పడిపోయినారు.”

పోలీసులొచ్చి ట్రిస్టన్‌ను తీసుకెళ్ళారు. రాజీ కూడా కుదిరింది. అంతసేపు ప్రార్థన విన్నాక ఏ పార్టీలోనూ పోట్లాడే ఓపిక మిగల్లేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. టైమర్‌లో ఒక్క సెకను మిగిలిందన్నానే, అది. నిజానికి ఇంకా పావుగంట ఉంది. ట్రిస్టన్ బాంబుకి భయపడలేదు. దేవదానం బర్రెలు ముగించి దూడల దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేక లొంగిపోయాడు.