మూడు గాట్ల బిళ్ల

పాత రాళ్ల క్వారీ దగ్గర వాన రాత్రుళ్లు ఈల వినబడుతుందని మా ఊళ్లో పాలు పోసే అబ్బాయిని అడిగినా చెప్తాడు. వరసగా మూడు ఈలలు. మొదటిది దూరంగా, రెండోది దగ్గరగా, మూడోది... చెవి పక్కనే.

ఈల విన్నవాళ్లు ఉన్నచోట నుంచి కదలకూడదట. కదిలితే గుంటలోకి పిలుచుకుపోతుందట. మేకలు కాసుకునే ఒకాయన కదిలాడనీ, తెల్లారి చూస్తే ఆయన గొడుగు ఒక్కటే నీళ్ల మీద తేలుతోందనీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ మేకలాయన ఎవరి తాలూకు అని అడిగితే మాత్రం ఒక్కరికీ తెలియదు.

మా మనవరాలికి జరిగింది అలా కాదు. అది నా ముందు కూర్చుని, పళ్లు టకటక కొట్టుకుంటుంటే చెప్పింది. నేను విన్నాను.

అది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పొద్దస్తమానం ఆ చక్రం రొద, కంట్లో పడే తడి పొడి. చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా ఉండదని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. రెండు రోజులు సెలవు దొరికేసరికి ఒక గుడారం కొనుక్కొచ్చి, "ఒక్కదాన్నే వెళ్లి క్వారీలో పడుకుని వస్తానమ్మమ్మా" అంది.

"ఇంట్లో మంచం లేదటే? డబ్బు పోసి మరీ నేల మీద పడుకోవడం ఏంటి?" అంది వాళ్లమ్మ. వాళ్లమ్మంటే నా కూతురే.

"మంచం ఉంది. దాని పక్కన నీ గురక కూడా ఉంది."

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

"అక్కడికి మాత్రం వద్దు తల్లీ" అన్నాను.

"దెయ్యమా అమ్మమ్మా? వస్తే టీ పెట్టిస్తాలే" అని నా బుగ్గ గిల్లి బండెక్కేసింది.

ఎందుకొద్దో చెప్పాల్సింది. నలభై అయిదేళ్లు చెప్పకుండా దాచుకున్న మాట... ఆ పూట గుమ్మంలో నిలబడి కూడా దాచేశాను.

క్వారీ పైన, గేటు పక్కన, తలుపుల్లేని గది ఒకటి ఉంది. పిచ్చుక అక్కడ బండి ఆపింది. గోడకి ఒక పాత కొయ్య పలక, దాని నిండా వరసగా తుప్పుపట్టిన మేకులు. ఒక్క మేకుకీ ఏమీ లేదు. అద్దాలు చూసే కళ్లు దానివి, ఆ మాట ఒట్టేసి చెప్తుంది.

తాళాలు పోగొట్టుకోవడంలో అది దిట్ట. అందుకని బండి తాళం తీసి, చేతికందిన మేకుకి తగిలించి, సామాను భుజాన వేసుకుని గుంటలోకి దిగింది. నీళ్లకి పైన, కొండని మెట్టులా కోసిన చోట గుడారం వేసుకుంది.

ఆకాశం అద్దంలా ఉందట. చుక్కలు లెక్కపెడుతూ నిద్రపోయిందట.

మెలకువ వచ్చేసరికి... వాన.

వానంటే వాన కాదు, పైనుంచి ఎవరో బిందెలతో గుమ్మరిస్తున్నట్టు. గుడ్డ లోపలికి కుంగిపోయి మొహానికి అంటుకుంటోంది. కింద పడక నీళ్లలో తేలుతోంది. ఫోను తడిసి చచ్చిపోయింది. టార్చి వెతుకుతుంటే వెనకవైపు నుంచి ఏదో మెత్తగా, బరువుగా, గుడారాన్ని నెట్టడం మొదలుపెట్టింది.

బురద. కొండ చరియ కరిగి జారుతోంది.

గబగబా జిప్పు లాగింది. ఇసుక పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగింది... గోళ్లు విరిగాయి గానీ జిప్పు కదల్లేదు. అమ్మా అని అరిచింది. వాన హోరులో దాని అరుపు దానికే వినబడలేదు.

అప్పుడు... ఈల.

దూరంగా. సన్నగా.

గుడారం గొట్టాల్లో గాలి అనుకుంది. అలా అనుకోకపోతే ఊపిరి ఆడేలా లేదు.

రెండో ఈల. దగ్గరగా. దాంతోపాటు రాళ్ల మీద చెప్పుల చప్పుడు — ఆగుతూ, వెతుకుతూ.

ఊళ్లో వాళ్ల మాట గుర్తొచ్చింది. కదలకూడదు. కానీ కదలకపోతే వెనక కొండ ఊరుకునేలా లేదు. పోనీ కదులుదామా అంటే జిప్పు రాదు. ఎటూ కాని దానిలా, మోకాళ్లు కడుపులో పెట్టుకుని, నీళ్లలో అలాగే కూర్చుంది నా బంగారు తల్లి.

మూడో ఈల... గుడ్డకి అవతల.

జిప్పు దానంతటదే కిందికి జారింది. బయటి నుంచి ఎవరో లాగినట్టు.

అవతల ఎవరూ లేరు. చీకటి, వాన... అంతే. ఆ చీకట్లోంచి ఒక గుసగుస —

"బావా... పైకి రా బావా... వత్తి అంటించేశాను..."

ఎలా లేచిందో, ఎలా ఎక్కిందో దానికి తెలియదు. చేతులూ మోకాళ్లూ చీరుకుపోతూ పైకి పాకింది. గేటు గది అందుకునే లోపల, వెనక నుంచి మందు పేలినట్టు — ఢాం! కొండ చరియ మొత్తం గుంటలో పడింది. గుడారంతో సహా.

మేకు తడుముకుని, తగిలినది లాక్కుని బండి దగ్గరికి పరిగెత్తింది. తాళం కన్నంలో పెట్టబోతే... తాళం అప్పటికే బండికి ఉంది.

మరి చేతిలో ఉన్నదేమిటో చూసుకునే ధైర్యం లేక, జేబులో వేసుకుని ఇంటికి వచ్చి పడింది.

"తాళం బండికే వదిలేసి ఉంటావే, నీ సంగతి నాకు తెలీదా" అంది వాళ్లమ్మ, దాని తల తుడుస్తూ.

"మరి నన్ను పట్టుకుని బావా అనడమేంటమ్మమ్మా? దెయ్యానికి కూడా మా దుకాణం కళ్లజోడు కావాలేమో" అని నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే జేబులోంచి తీసి నా చేతిలో పెట్టింది.

ఇత్తడి బిళ్ల. వేలితో అంచు తడిమాను. మూడు గాట్లు.

అప్పుడు చెప్పాను, ఇద్దరికీ.

ఆ క్వారీ నడిచే రోజుల్లో అక్కడ ఎవరికీ చదువు రాదు. అందుకని పేర్లకి బదులు గాట్లు పెట్టిన బిళ్లలు. దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు మేకుకి తగిలించాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. పలక ఖాళీ అయితేనే, రాళ్లు పేల్చే మందు మేస్త్రి మూడు ఈలలు వేసి వత్తి అంటిస్తాడు. ఆ మేస్త్రి నా తమ్ముడు.

మూడు గాట్లు మా ఆయనవి.

ఆ రోజు నాకు నొప్పులొస్తున్నాయని కబురందితే మా ఆయన ఉన్నవాడు ఉన్నట్టు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. బిళ్ల మర్చిపోయాడు. వాన మబ్బు కమ్మింది, మందు తడిసిపోతుందని నా తమ్ముడు తొందరపడి ముందు వత్తి అంటించాడు, తరవాత పలక చూశాడు. ఒక్క బిళ్ల ఉంది. "బావా!" అని అరుచుకుంటూ మళ్లీ కిందికి దిగాడు.

నా కూతురు పుట్టి ఏడ్చిన ఏడుపూ, ఆ పేలుడూ నాకు ఒకేసారి వినబడ్డాయి.

మా ఆయన మళ్లీ ఆ గేటు వైపు వెళ్లలేదు. బిళ్ల అడగలేదు. చనిపోయేదాకా వాన పడితే చెవులు మూసుకునేవాడు. ఇంతకాలం మేకుకి లేని బిళ్ల ఆ రాత్రి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

"బిళ్ల తీసేశాం కదమ్మమ్మా. ఇక వెతకడులే" అంది పిచ్చుక.

మొన్న రాత్రి మళ్లీ వాన పట్టుకుంది. అందరూ నిద్రపోతున్నారు. మా వీధి చివర ఈల... ఒకటి.

తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. రెండోది మా అరుగు దగ్గర. బిళ్ల వానలోకి చాపాను.

"ఇదిగోరా తమ్ముడూ. మీ బావ ఆ రోజే పైకి వచ్చేశాడు. నువ్వే... నువ్వు కూడా వచ్చెయ్యరా."

చెయ్యి తడిసి ముద్దయింది. తెల్లారేదాకా అలాగే నిలబడ్డాను.

మూడో ఈల ఇంకా వేయలేదు వాడు.