దీపం కొండెక్కింది

ఏరు పొంగి, టౌన్‌హాలు మెట్ల మీద కూచుని జనం చేపలు పట్టిన వరద ఉంది చూశారూ, దాని మరుసటి ఏడు జరిగింది ఇది.

బొమ్మలు గీసేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, నాటకాలు ఆడేవాళ్ళు వరదకి చితికిపోయారు. వాళ్ళ పనితనం ఊరికి చూపించాలని నడిబజార్లో ఒక ఇనప కట్టడం లేపారు. వీధికో దీపం. ఏ వీధి దీపం ఆ వీధి వాళ్ళే చెయ్యాలి. కట్టించిన మునిసిపల్ ఆఫీసువాళ్ళు దాన్ని లైట్ స్కల్ప్‌చర్ అన్నారు. జనానికి నోరు తిరగలేదు. కింద వెడల్పు, పైన మొన. చూసి ‘కొండ’ అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

కొండని అతికిందీ, దీపాలు బిగించిందీ ఒక కుర్ర వెల్డరు. అతన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ‘ఒక్కమాట’ అనే పిలిచేవారు. ఎవరేమడిగినా ఒక్క మాటతో సరిపెడతాడు మరి.

ఒకరోజు పల్లపు సందు నుంచి సైన్‌బోర్డుల పెయింటర్ గారి అమ్మాయి వచ్చింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గాజుదీపం ఎత్తుకుని వచ్చింది.

“ఏమండీ, మా సందు దీపం ఎక్కడ పెడతారు?”

“కింద.”

“కిందంటే?”

అతను గడ్డంతో చూపించాడు. ఆమె వంగి చూసింది.

“చెత్తడబ్బా వెనకా! ఎందుకనీ?”

“బరువు.”

“ఎవరు బరువు?”

“దీపం.”

“నన్ను చూసి అన్నారు.”

“లేదు.”

“చూశారు!”

చూసిన మాట నిజమే. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె గొంతు తగ్గించింది. “వరదొచ్చినప్పుడు అందరికంటే కిందున్నది మేమే. ముందు మునిగింది మేమే. మా నాన్న కుంచెలన్నీ నీళ్ళపాలయ్యాయి. వెలిగేటప్పుడు కూడా కిందేనా?”

అతను నెత్తి మీదికి ఎత్తిన వెల్డింగు ముసుగు తీసేసి దీపాన్ని చూశాడు. గాజు మీద పల్లపు సందు ఇళ్ళు. గోడల మీద వరద నీటి గీత. ఆ గీతకి పైన, కిటికీల్లో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న మనుషులు.

“పైన,” అన్నాడు.

“ఎంత పైన?”

“కొస.”

బరువు ఆగాలంటే కొసని మళ్ళీ అతకాలి. అతికాడు. ఆమె రోజూ వచ్చి చూసిపోయేది. “ఇవాళ్టి మాట అయిపోయిందా, ఇంకా మిగిలిందా?” అని ఏడిపించేది. ఒకసారి జడివాన కొడితే ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడ్డారు. చాలాసేపు ఆలోచించి అతను “వాన” అన్నాడు.

“అయ్యో, మీరు చెప్పబట్టి తెలిసింది!”

ఆమె రాని రోజు అతని వెల్డింగు గీత వంకరపోయేది. దీపాలు వెలిగాయంటే ఆమెకి ఇటు వచ్చే పనుండదు. ఆలోగా చెప్పాలి. అదేమో ఒక్క మాటలో తేలే సంగతి కాదు.

దీపాలు వెలిగించే రోజు రానే వచ్చింది. క్లాంపు ఒకటి తక్కువైతే అతను ఊరి చివర షెడ్డుకి పరిగెత్తాడు. పోతూ పోతూ ఆమెతో “ఎక్కించాక ఫోను” అన్నాడు. రెండు మాటలు! ఆమె ఆ సంతోషంలోనే ఉంది.

క్రేనువాళ్ళు గాజుదీపాన్ని కొసకి ఎక్కించారు. పొద్దువాలగానే స్విచ్చి వేసి చూశారు. అన్నీ వెలిగాయి. పల్లపు సందు దీపం మాత్రం రెండుసార్లు మినుకుమని ఊరుకుంది. ఆమె ఏడుపు దిగమింగుకుంటూ ఫోను చేసింది. ‘ఆరిపోయింది’ అనడానికి నోరు రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటే వచ్చింది.

“దీపం కొండెక్కింది!”

అతనికి కొండంటే తను అతికిన కొండే.

“శుభం!” అన్నాడు.

“ఏంటీ?”

“సంతోషం.”

“మా దీపం కొండెక్కితే మీకు సంతోషమా?”

“చాలా.”

ఫోను టక్కున ఆగింది. ఆనందంతో మాట పడిపోయింది కాబోలు, పాపం నాలాగే, అనుకున్నాడు.

ఈల వేసుకుంటూ వచ్చేసరికి పల్లపు సందు మొత్తం నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

“ఏం నాయనా,” అన్నారు పెయింటర్ గారు, “మా దీపం కొండెక్కితే శుభమన్నావట?”

“అవునండి.”

“చూశారా, మళ్ళీ అవునంటాడు!”

అతను తలెత్తాడు. కొండంతా వెలుగు, కొస చీకటి. అప్పుడర్థమైంది, ఎక్కింది ఏ కొండో. నిచ్చెన పట్టుకుని పైకి పాకాడు. ఎక్కించేటప్పుడు కుదుపుకి హోల్డరు వదులైంది. బిగించాడు.

“వెయ్యండి!”

స్విచ్చి ఆమె పక్కనే ఉంది. ఆమె చేతులు కట్టుకుంది.

“వెయ్యను. సంతోషం దేనికో ముందు చెప్పండి.”

“స్విచ్చి!”

“దేనికి?”

కింద ఊరు ఊరంతా ఉంది. పైన గాలి ఉంది. దిగి పారిపోదామంటే నిచ్చెన ఆమె కాళ్ళ దగ్గరే ఆనించి ఉంది. అతను స్తంభాన్ని వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

“కొండెక్కిందంటే పైకి ఎక్కించారనుకున్నా! మీ దీపం పైనుంటే మీరు రోజూ తలెత్తి చూస్తారు! బల్బులు మార్చేది నేనే, పైనే ఉంటా! దీపంతోపాటు నన్నూ చూస్తారని ఆశ! వానలో చెబుదామనుకున్నా, వాన అని ఊరుకున్నా! ఇంకెప్పుడూ ఇంత మాట్లాడలేను, వినిపించిందా?”



“ఇంత డైలాగు ఆపకుండా మావాళ్ళెవరూ చెప్పలేదు,” అన్నాడు నాటకాల వీధి పెద్దాయన.

పెయింటర్ గారు గొంతు సవరించుకున్నారు. “వెయ్యవే తల్లీ. వదిలితే ఇంకా మాట్లాడేలా ఉన్నాడు.”

ఆమె వేసింది. పల్లపు సందు కిటికీలు, అందులో నవ్వే మొహాలు చుట్టూ మేడల గోడల మీద పరుచుకున్నాయి. అందరూ గోడల వైపు చూశారు. ఆమె మాత్రం పైకి చూసింది.

“చూస్తున్నాలే! దిగు, జాగ్రత్త!”

‘అండీ’ ఎగిరిపోయింది. ఊరంతా గమనించింది. పెయింటర్ గారు అందరికంటే ముందు గమనించారు. అతను దిగాక దగ్గరికి పిలిచారు.

“మా అమ్మాయికి నోరెక్కువ, నీకు తక్కువ. ఇద్దరూ పంచుకుంటే సరిపోతుంది. రేపు పెద్దవాళ్ళని తీసుకుని ఇంటికి రా. వాళ్ళయినా మాట్లాడతారు.”

“సరే,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య చొక్కా తొడుక్కుని, వదినని వెంటబెట్టుకుని పల్లపు సందుకి నడిచాడు. మాటలన్నీ వదినే ఆడింది. అతను టీ తాగి, లేచి, ఆ ఇంట్లోవాడిలా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, కప్పు కడిగి బోర్లించాడు.