మేనత్తగారి నకలు

కుజగ్రహం మీది అరుణపురంలో రోజుకు పది పెళ్లిళ్లయినా జరిగేవి. పీటల మీద ఎవరూ కూర్చునేవారు కాదు, వంటశాలలో పొయ్యి వెలిగేది కాదు. అంతా సుభాషిణి ప్రయోగశాలలో, కంప్యూటర్ కడుపులోనే జరిగిపోయేది.

అక్కడ గుమ్మటాల కింద మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. అందుకని వంట, వడ్డన, సన్నాయి, చివరికి పీల్చే గాలితో సహా పెళ్లి మొత్తాన్ని నడిపే ‘ఆతిథ్య’ అనే ప్రోగ్రామును ఎనిమిది మంది కలిసి రాస్తున్నారు. ఎనిమిది మంది ఒకే కుండలో గరిటె పెడితే ఏమవుతుందో చెప్పాలా? వాళ్లలో ఒకడైన భానుమూర్తి పాయసం గొట్టం సవరిస్తే సన్నాయి మూగబోయేది. ఆ బాధ పడలేక సుభాషిణి ‘నిరంతర సంధానం’ అనే పద్ధతి పెట్టింది. ఎవరు ఒక్క వాక్యం మార్చినా, దాన్ని యంత్రం అప్పటికప్పుడే మిగతా అందరి పనితో కలిపి, మొదటి నుంచి చివరి దాకా ఒక నకలు పెళ్లి చేసి చూస్తుంది. అందుకోసం రాబోయే అతిథుల ఇష్టాలు, కోపాలు, కీళ్లనొప్పులు ముందే అడిగి తెలుసుకుని, ఒక్కొక్కరికీ ఒక నకలును తయారుచేశారు. నకళ్లన్నీ తిని, త్రేన్చి, సంతోషంగా వెళితే గోడ మీద పచ్చదీపం. ఒక్కరు మొహం ముడుచుకున్నా ఎర్రదీపం. పచ్చదీపం వెలగనిదే నగరసభ మంటపం తాళం ఇవ్వదు.

మొదటి అసలు పెళ్లి సుభాషిణిదే. వరుడు వేణుమాధవ్ బంధువులు కాకినాడ నుంచి బయలుదేరి అంతరిక్ష ఓడలో దారిలో ఉన్నారు. వాళ్లెవరూ ఆమెను చూడలేదు. “యంత్రాల మధ్య పెరిగిన పిల్ల, మర్యాదలేం తెలుస్తాయి” అని ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఆమె బెంగ.

దీపం మాత్రం ఎర్రగానే ఉంది.

“తప్పెక్కడుంది?” అని తనిఖీ యంత్రాన్ని అడిగింది.

“తప్పెక్కడా లేదు. వరుడి మేనత్త అనసూయమ్మగారి నకలు సంతోషంగా లేదు,” అంది యంత్రం.

“భోజనం నచ్చలేదా?”

“చాలా నచ్చింది. మర్యాదలోనూ లోటు లేదు. పోయినవారం పప్పులో ఉప్పు మరిచినప్పుడు మాత్రం ఆవిడ నవ్వుతూ వెళ్లారు.”

భానుమూర్తి పకపకా నవ్వాడు. అరవై దాటినవాడు, భూమి మీద పెళ్లిళ్లు బోలెడు చూసినవాడు. “అదేనమ్మా సంగతి. మగపెళ్లివారు అలగాలి, మనం బతిమాలాలి. అలగడానికి సందే లేకపోతే, తనని పట్టించుకునేవాళ్లున్నారని పెద్దావిడకి ఎలా తెలుస్తుంది? పోనీ, ఆ ఒక్క పరీక్షా తీసేద్దామా?”

“తీసేస్తే దీపం పచ్చబడుతుంది గానీ అత్తయ్యగారు సంతోషపడరు కదండీ,” అంది సుభాషిణి.

కూర్చుని ఒక వాక్యం రాసింది. అనసూయమ్మగారికి మాత్రం చల్లారిన కాఫీ ఇవ్వాలి. నకలు అనసూయమ్మ అలిగింది, నకలు బంధువులు బతిమాలారు, ఆవిడ కరిగిపోయింది. పచ్చదీపం వెలిగింది. ఎనిమిది మందీ గంతులేశారు. కుజుడి మీద గంతేస్తే కిందికి రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, ఆ కాస్త సేపూ కూడా నవ్వుతూనే ఉన్నారు. సుభాషిణి ఆ రోజు నుంచీ అద్దం ముందు నిలబడి బతిమాలే మాటలు నేర్చుకుంది.

పెళ్లి దివ్యంగా జరిగింది. తాళి కట్టడం కాగానే అనసూయమ్మకు కాఫీ అందింది. ఆవిడ ఒక గుక్క తాగి, కాస్త ఆగి, “బాగుంది” అంది. గ్లాసు ఖాళీ చేసింది. సుభాషిణి కళ్లతోనే సైగ చేసి ఇంకో గ్లాసు పంపించింది. అదీ తాగేసింది.

పెళ్లికూతురి మొహం వాడిపోయింది. విసురుగా లేచి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వేణుమాధవ్ పిలిచినా తియ్యలేదు.

“ఇదేమిటి? అన్ని పరీక్షలూ నెగ్గాం కదా,” అన్నాడు భానుమూర్తి యంత్రంతో.

“అతిథులందరికీ నకళ్లున్నాయి. పెళ్లికూతురికి లేదు. మీరెవరూ రాయలేదు,” అంది యంత్రం.

చివరికి అనసూయమ్మే తలుపు తట్టి లోపలికి వెళ్లింది. “ఏవిటే అమ్మాయ్, ఎందుకలిగావు?”

“అంత ఆలోచించి చల్లార్చిన కాఫీ అత్తయ్యగారూ. మీరు ఒక్క మాటైనా అనలేదు,” అంటూ సుభాషిణి ఉన్నదంతా చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

అనసూయమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. “అయితే నా అలక గ్రహాలు దాటిందన్నమాట. నువ్వింత శ్రమ పడుతున్నావని వేణుగాడు చెబితే, ఈ పెళ్లిలో మాత్రం అలగకూడదని ఓడెక్కేటప్పుడే ఒట్టేసుకున్నానే. ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలుసు.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి అత్తయ్యగారూ.”

ఆవిడ లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మంటపం మధ్యకి వెళ్లి, అందరికీ వీపు పెట్టి కూర్చుని, గుమ్మటం అదిరేలా అంది. “ఇదీ ఒక కాఫీయేనా? మా వైపు గేదెలకి పెట్టే కుడితి ఇంతకన్నా వెచ్చగా ఉంటుంది. నేనింక భోజనానికి లేవను.”

సుభాషిణి పరుగెత్తుకొచ్చి ఆవిడ పక్కన కూలబడింది. నేర్చుకున్న మాట ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడ భుజం మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆగదు.

బిగించిన మూతితోనే అనసూయమ్మ చిన్నగా అంది. “నవ్వకే పిల్లా, ముందు బతిమాలు.”